వినికిడే పెట్టుబడి

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే డాక్టరు నోటితో చెప్పిన రోగి వివరాలను విని, ఆసుపత్రి దాచుకోదగిన నివేదికగా రాసిపెట్టడం. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక తన పరీక్షలో ఏం తేలిందో, ఏ మందు ఎంత మోతాదులో రాశాడో ఫోనులోనో రికార్డరులోనో చెప్పేస్తాడు. దాన్నే డిక్టేషన్ అంటారు. ఆ ఆడియో ఫైలు హైదరాబాదుకో బెంగళూరుకో చేరుతుంది. ఇక్కడ ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలికింద ఫుట్ పెడల్ నొక్కుతూ వదులుతూ టైపు చేస్తారు. చేతులు రెండూ కీబోర్డు మీదే ఉండాలి కాబట్టి ఆడియోను ఆపడం, వెనక్కి తిప్పడం కాలి పని. కుట్టుమిషను దగ్గర దర్జీకి కాలూ చెయ్యీ కలిసి నడిచినట్టే ఇదీ కొన్నాళ్లకు అలవాటవుతుంది.

ఈ పని మన దేశానికి 1990లలో వచ్చింది. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు చెల్లించాలన్నా, రేపు రోగి కోర్టుకెళితే డాక్టరు తన వైద్యాన్ని సమర్థించుకోవాలన్నా కాగితం మీద ఆధారం ఉండాలి. అందుకే అక్కడ రాతపని ఎక్కువ. ఇక్కడ ఇంగ్లిష్ చదివిన డిగ్రీవాళ్లు ఉన్నారు, ఖర్చు తక్కువ. పైగా కాలం కూడా కలిసొచ్చింది. న్యూయార్క్‌కూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అక్కడి డాక్టరు సాయంత్రం డిక్టేషన్ ముగించి ఇంటికెళితే, ఇక్కడ తెల్లవారుతూనే పని మొదలవుతుంది. ఆయన మళ్లీ ఆసుపత్రికి వచ్చేసరికి నివేదిక సిద్ధం. హైదరాబాదు అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ శిక్షణ బోర్డుల పక్కనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులూ వెలిసిన రోజులవి. ఉద్యోగులు మాత్రం అంత పొడుగు పేరు పలకరు, ‘ఎంటీ’ అనేస్తారు.

నివేదికల్లో ముఖ్యమైనవి నాలుగు: రోగి చేరినప్పటి చరిత్రతో కలిపి రాసే శరీర పరీక్ష, మరో నిపుణుడి అభిప్రాయం, ఆపరేషన్ వివరం, డిశ్చార్జ్ సమ్మరీ. ఇవికాక ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు, క్లినిక్ నోట్లు ఉంటాయి. కొత్తవారికి మొదట క్లినిక్ నోట్లు ఇస్తారు. ఆపరేషన్ నివేదికలు కష్టం, ఎందుకంటే కత్తెరకూ కుట్టుదారానికీ కూడా ఒక్కో పేరుంటుంది.

టైపింగ్ వేగమే ఈ ఉద్యోగానికి అర్హత అనుకునేవారు ఎక్కువ. నిజానికి వేగం ఆరు నెలల్లో వస్తుంది, చెవి తయారవడానికే ఏళ్లు పడుతుంది. ‘ఇలియం’ అని వినిపిస్తే అది తుంటి ఎముకా, చిన్నపేగు చివరి భాగమా? పలకడంలో తేడా లేదు, స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. వాక్యం కడుపు గురించో కాలి గురించో చూసుకుని తేల్చాలి. ‘డిస్‌ఫేజియా’ అంటే మింగడం కష్టం కావడం, ‘డిస్‌ఫేసియా’ అంటే మాట తడబడటం. పక్షవాతం వచ్చిన రోగికి రెండూ ఉండవచ్చు కాబట్టి సందర్భం కూడా ఒక్కోసారి ఆదుకోదు. ‘కొలెక్టమీ’ అంటే పెద్దపేగు తీసేయడం, ‘కొలాస్టమీ’ అంటే పొట్టమీద దానికి దారి చేయడం. సెలెబ్రెక్స్ కీళ్లనొప్పుల మందు, సెలెక్సా మానసిక కుంగుబాటుకు ఇచ్చేది. డాక్టరు తింటూనో నడుస్తూనో చెబుతుంటే ఈ తేడాలన్నీ గాలిలో కలిసిపోతాయి. యాసల గొడవ మరొకటి. అమెరికా ఆసుపత్రుల్లో ఫిలిప్పీన్స్, నైజీరియా, పాకిస్తాన్ నుంచి వచ్చినవారూ డిక్టేషన్ ఇస్తారు. టెక్సస్ డాక్టరు సాగదీత కంటే అక్కడ స్థిరపడిన తెలుగు డాక్టరు ఇంగ్లిష్ ఇక్కడివారికి సులువుగా చెవికెక్కడం ఈ వృత్తిలో దొరికే చిన్న ఊరట.

అంకెల దగ్గర మాత్రం ఊరటకు చోటు లేదు. 2008లో అలబామా రాష్ట్రంలో ఒక డిశ్చార్జ్ సమ్మరీ డిక్టేషన్ కాంట్రాక్టు, సబ్‌కాంట్రాక్టుల మీదుగా ఇండియాకు వచ్చింది. డాక్టరు చెప్పింది 8 యూనిట్ల ఇన్సులిన్, టైపయింది 80 యూనిట్లు. డాక్టరు చూసి సంతకం పెట్టకముందే ఆ కాగితం ఆధారంగా రోగి చేరిన మరో కేంద్రంలో 80 యూనిట్లు ఇచ్చారు. రోగి చనిపోయారు. 2012 డిసెంబరులో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. తప్పు ఒక్కరిది కాదు, సంతకం లేని కాగితాన్ని నమ్మినవారిదీ ఉంది. కానీ అది మొదలైంది చెవి దగ్గరే.

ఇలాంటివాటికి అడ్డుకట్టగా, అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే కొన్ని రాతలను నిషేధించింది. ‘యూనిట్’ అనకుండా ఒక్క ‘యు’ అక్షరం పెడితే అది సున్నాలా కనిపిస్తుంది కాబట్టి పూర్తిగా రాయాలి. మోతాదు 5 అయితే 5.0 అని రాయకూడదు, చుక్క చెరిగితే 50 అవుతుంది. అరమిల్లీగ్రాము అయితే చుక్కకు ముందు సున్నా తప్పకుండా ఉండాలి. జాగ్రత్తపరులైన డాక్టర్లు ఫిఫ్టీన్ అన్నాక ‘ఒన్, ఫైవ్’ అని మళ్లీ విడదీసి చెబుతారు. అందరూ చెప్పరు.

వినపడని చోట ఏం చేయాలి? అక్కడ ఖాళీ గీత వదిలి, ఆడియోలో అది ఎన్నో నిమిషంలో ఉందో గుర్తు పెట్టి పైవారికి పంపాలి. దీన్ని ‘బ్లాంక్ పెట్టడం’ అంటారు. క్వాలిటీ విభాగంలోని సీనియర్ విని దాన్ని పూరిస్తారు, వారికీ అందకపోతే ప్రశ్న డాక్టరుకే వెళుతుంది. బ్లాంకులు ఎక్కువైతే మార్కులు తగ్గుతాయని భయపడి కొత్తవారు ఊహించి రాసేస్తుంటారు. ఊహ తప్పితే కోసే మార్కులు బ్లాంకు కంటే చాలా ఎక్కువ. మందు పేరో, మోతాదో, కుడి ఎడమలో తప్పితే మిగతా నివేదిక ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు.

చేరడానికి ప్రభుత్వ లైసెన్సంటూ ఏమీ లేదు. ఏ డిగ్రీ అయినా చాలు, బీఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవారికి మొదటి నెలలు తేలిక. శిక్షణలో శరీర నిర్మాణం, వ్యాధులు, మందులు, ప్రయోగశాల పరీక్షలు, వీటితోపాటు ఇంగ్లిష్ వ్యాకరణం నేర్పుతారు. వైద్యపదాలు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కల అతుకులు. సమాసాన్ని విడదీసే అలవాటున్నవారికి అవి భయపెట్టవు. కాలేయశోథలో ‘శోథ’ ఏం చేస్తుందో హెపటైటిస్‌లో ‘ఐటిస్’ అదే చేస్తుంది. ‘నెఫ్రో’ అంటే మూత్రపిండం, ‘ఎక్టమీ’ అంటే తొలగింపు అని తెలిస్తే నెఫ్రెక్టమీని బట్టీ పట్టక్కర్లేదు.

శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు అడగవలసింది ఒకటే: అసలు డాక్టర్ల గొంతుతో ఉన్న డిక్టేషన్ ఎన్ని గంటలు వినిపిస్తారు? పాఠం కోసం స్పష్టంగా చదివించిన ఆడియోతో నేర్చుకున్నవారు కంపెనీ పరీక్షలో మొదటి నిమిషంలోనే తడబడతారు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట మీద ఫీజు కట్టడం తెలివైన పని కాదు. ఈ వృత్తిలోని వారికి అమెరికాలో 1978లో ఏర్పడిన సంఘం ఒకటుంది, 2007 నుంచి దాని పేరు ఏహెచ్‌డీఐ. కొత్తవారికి ఆర్‌హెచ్‌డీఎస్, అనుభవజ్ఞులకు సీహెచ్‌డీఎస్ అన్న ధ్రువపత్రాలు ఇస్తుంది. అవి లేకపోయినా ఉద్యోగం వస్తుంది, ఉంటే పైమెట్టు ఎక్కేటప్పుడు పనికొస్తాయి.

జీతం లెక్క లైన్లలో ఉంటుంది. ఖాళీ స్థలాలతో కలిపి 65 అక్షరాలు ఒక లైను. స్థిరజీతం ఇచ్చేచోట కూడా రోజుకింత అని టార్గెట్, దాటితే ఇన్సెంటివ్. కొత్తవారికి ఒక్క నిమిషం ఆడియో ఐదారు నిమిషాలు తినేస్తుంది, చేయి తిరిగినవారు రెండు మూడు నిమిషాల్లో ముగిస్తారు. నాలుగు అక్షరాలు కొడితే పూర్తి వాక్యం విచ్చుకునే ఎక్స్‌పాండర్ సాఫ్ట్‌వేర్ వారి రహస్యం.

రోగి వివరాలు బయటికి పొక్కకూడదన్నది ఉద్యోగ నిబంధన మాత్రమే కాదు, అమెరికా 1996లో చేసిన హిపా చట్టం. అందుకే ఆఫీసుల్లో ఫోను లోపలికి రానివ్వరు, పెన్ డ్రైవ్ పనిచేయదు. 2003లో కరాచీలో ఇలాంటి పని చేసిన ఒక మహిళ తనకు రావలసిన డబ్బు ఇవ్వకపోతే శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రి రోగుల రికార్డులను ఇంటర్నెట్‌లో పెడతానని బెదిరించింది. పని చేతులు మారి మారి అంత దూరం వెళ్లిందని ఆసుపత్రికే తెలియదు. ఆ తర్వాత విదేశాలకు పని పంపే ఒప్పందాలన్నిటి మీదా అనుమానపు చూపు పడింది.

2009లో అమెరికా ప్రభుత్వం ఆసుపత్రులు ఎలక్ట్రానిక్ రికార్డులకు మారేందుకు డబ్బు ఇచ్చే చట్టం తెచ్చింది. దాంతో చాలామంది డాక్టర్లు డిక్టేషన్ మాని తామే కంప్యూటరులో టిక్కులు పెట్టసాగారు. మరోవైపు మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ ముదిరింది. అందులో పేరుమోసిన న్యువాన్స్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో సుమారు 1,970 కోట్ల డాలర్లకు సొంతం చేసుకుంది. ఇప్పుడు డాక్టరూ రోగీ మాట్లాడుకుంటుంటే విని నోట్ తయారుచేసే యంత్రాలు వచ్చాయి. టైపుచేసే ఎంటీ చాలాచోట్ల ఎడిటరయ్యారు: యంత్రం రాసినదాన్ని ఆడియోతో సరిచూస్తారు. లైనుకు ఇచ్చే రేటు తగ్గింది, పని తేలిక కాలేదు. మనిషి తప్పు రాస్తే వాక్యం కుంటుతుంది, కంటికి ఆనుతుంది. యంత్రం తప్పు రాసినా వాక్యం నున్నగానే ఉంటుంది. ‘నొప్పి లేదు’లో ‘లేదు’ ఎగిరిపోయినా చదవడానికి అడ్డు తగలదు. ఒకప్పుడు కొత్తవారు టైపు చేస్తూ చేస్తూ చెవిని సానబట్టుకునేవారు. ఆ మెట్టును యంత్రం లాగేసుకుంది, పట్టుకోవలసిన తప్పులు మాత్రం సీనియర్ చెవికే దొరికేవి. నేడు ఈ వృత్తిలో అడుగుపెట్టేవారికి అసలు చిక్కు ఇదే.

అందువల్ల చాలామంది దీన్నొక గుమ్మంగానే చూస్తున్నారు. ఒక దారి మెడికల్ స్క్రైబ్: డాక్టరు రోగిని చూస్తుండగానే దూరం నుంచి వింటూ నోట్ రాయడం. దీనికి రాత్రి షిఫ్టు తప్పదు. రెండోది హైదరాబాదులో బాగా పెరిగిన మెడికల్ కోడింగ్. నివేదిక చదివి, వ్యాధికి ఐసీడీ-10 సంకేతం, చికిత్సకు సీపీటీ సంకేతం వేసి ఇన్సూరెన్స్ బిల్లుకు పంపడం ఆ పని. దానికి పేరున్న సీపీసీ పరీక్షలో నాలుగు గంటల్లో 100 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. ఆపరేషన్ నివేదికలు వేలకొద్దీ విని రాసినవారికి అందులోని కేసులు పాత పరిచయాల్లాగే ఉంటాయి. కొత్తగా నేర్వవలసింది సంకేతాల పుస్తకాలు తిరగేయడమే.