కంప్యూటరులో దస్తరముల అమరిక

సికింద్రాబాదు స్టేషనులో రిజర్వేషను టిక్కెట్టు తీసికొన్నవారికి దానిపై పది అంకెల సంఖ్య యొకటి కనిపించును. అందరును పి. ఎన్. ఆర్. నెంబరు అని పిలుచునది అదియే. ప్రయాణము ముగియగనే దానిని మరచిపోవుట అలవాటు. కాని ఆ సంఖ్యలో మొదటి అంకెను నిదానించి చూచినచో ఒక విశేషము గోచరించును. అది 1 అయినచో ఆ టిక్కెట్టు వివరములు సికింద్రాబాదు కేంద్రమునకు చెందినవని అర్థము. 2 గాని 3 గాని అయినచో ఢిల్లీ కేంద్రము. 4, 5 అయినచో చెన్నై. 6, 7 అయినచో కోల్‌కతా. 8, 9 అయినచో ముంబై. దేశమందలి రైలు రిజర్వేషను పద్ధతి ఈ ఐదు కేంద్రములను ఆధారము చేసికొని నిర్మింపబడినది.

ఇందులో సికింద్రాబాదునకు ఒక ప్రత్యేకత కలదు. 1874లో వాడి నుండి వచ్చిన మార్గముతో ఈ ఊరికి రైలు వచ్చినది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినపుడు ఇదియే దానికి ముఖ్యస్థానమైనది. కంప్యూటరుపై రిజర్వేషను చేయుట 1985-86లో ఢిల్లీలో మొదలైనను, కేంద్రములన్నింటిని కలుపుటకు అనువుగా తయారైన ‘కాన్సర్ట్’ అను ప్రోగ్రాము 1994లో మొట్టమొదట అమలులోనికి వచ్చినది సికింద్రాబాదులోనే. 1999లో ఐదు కేంద్రములకును పరస్పర సంబంధము ఏర్పడినది. అంతకు పూర్వము పరాయి ఊరినుండి తిరుగు ప్రయాణమునకు చోటు కావలెనన్నచో తంతి కొట్టించి జవాబునకై ఎదురుచూడవలసి వచ్చెడిది.

లక్షలాది టిక్కెట్లలో ఒకదానిని క్షణములో వెలికితీయగలుగుటకు యంత్రముల వేగ మొక్కటే కారణము కాదు. ప్రతి టిక్కెట్టునకును అది పుట్టినప్పుడే ఒక పేరు, ఒక చోటు నిర్ణయమై యుండును. వెదకవలసిన పనిలో సగము దాచునప్పుడే పూర్తియగుచున్నదన్న మాట.

ఇక ఒక ఉన్నత పాఠశాలలోని కంప్యూటరును చూడుడు. తెరమీద గోడ కనిపించకుండ క్యాలెండర్లు తగిలించిన కిరాణాకొట్టు వలె ఫైళ్ళు పరచుకొని యుండును. ‘కొత్త ఫోల్డరు’, ‘కొత్త ఫోల్డరు (2)’, ‘మార్కులు’, ‘మార్కులు ఫైనల్’, ‘మార్కులు ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’. వీనిలో ఏది నిజమైన మార్కుల పట్టిక? జవాబు పత్రములను మరల చూచి ఇద్దరు విద్యార్థులకు మార్కులు సవరించిన పిదప తయారైనది ఏది, అంతకు ముందటిది ఏది? పట్టిక చేసిన మాస్టారు ఆ దినము సెలవులో నున్నచో చెప్పగలవారెవరును ఉండరు. పైకి పంపవలసిన గడువు సాయంకాలము ఐదు గంటలకు. పాత పట్టిక వెళ్ళినచో నష్టపోవునది ఆ ఇద్దరు పిల్లలు.

కాలనష్టమును లెక్కవేయుట కష్టము కాదు. ఒక ఉపాధ్యాయునికి ఫైళ్ళు వెదకుటకు దినమునకు ఐదు నిమిషములు పట్టుననుకొందము. ఏడాదికి 220 పని దినములైనచో 1100 నిమిషములు, అనగా 18 గంటల 20 నిమిషములు. నలుబదియైదు నిమిషముల పీరియడ్లుగా మార్చినచో ఇరువదినాలుగు పీరియడ్లు దాటును. ఒక పెద్ద పాఠమును ప్రయోగములతో సహా తీరికగా బోధించుటకు అది చాలును.

అమరికను గూర్చి తెలిసికొనుటకు ముందు, ఫోల్డరు అనగా నేమో తెలియవలెను. తెరపై దానిని అట్టపెట్టె వలెనో సంచి వలెనో చిత్రించుటచే ఫైళ్ళు నిజముగా దానిలోపల ఉండునని తోచును. కంప్యూటరు దృష్టిలో ఫోల్డరు పెట్టె కాదు, జాబితా. పెన్ డ్రైవులలో చాలకాలముగా వాడుకలోనున్న ‘ఫ్యాట్’ అను పద్ధతిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఇందు ఒక్కొక్క ఫైలునకు జాబితాలో 32 బైట్ల పంక్తి యొకటి ఉండును. పేరు పొడవైనదైనచో మరికొన్ని పంక్తులు దానికి తోడగును. ఫైలు పేరు, తేదీ, పరిమాణము, దానిలోని విషయము డ్రైవులో ఏ గడి నుండి ప్రారంభమగునో తెలుపు సంఖ్య – ఇవన్నియు ఆ పంక్తిలో ఉండును. అసలు విషయము వేరొకచోట నుండును. పాత గ్రంథాలయములలో కార్డుల సొరుగు ఒకచోట, పుస్తకముల బీరువాలు మరియొకచోట ఉండుట వంటిదే ఇది.

దీనివలన కొన్ని వింతలకు సమాధానము దొరకును. రెండు గంటల సినిమా ఫైలును ఒక ఫోల్డరు నుండి అదే డ్రైవులోని మరియొక ఫోల్డరునకు మార్చినచో రెప్పపాటులో మారును; ఒక పుట సెలవు చీటికి పట్టు సమయమే దానికిని పట్టును. మారినది జాబితాలోని పంక్తి మాత్రమే, సినిమా కదలలేదు. అదే ఫైలును కంప్యూటరు నుండి పెన్ డ్రైవులోనికి పంపినచో నిమిషములు పట్టును; ఇప్పుడు విషయమంతయు ఒక వస్తువునుండి మరియొకదానిలోనికి వ్రాయబడవలెను. గడియారము పెట్టుకొని విద్యార్థులచే ఈ ప్రయోగమును తరగతిలోనే చేయింపవచ్చును. ఖర్చు లేని ప్రయోగము.

తుడిచివేయుట కూడ ఇట్టిదే. ఫ్యాట్ పద్ధతిలో ఒక ఫైలును తీసివేసినపుడు దాని పంక్తిలోని మొదటి బైటునకు బదులు 229 అను సంఖ్య వ్రాయబడును; ‘ఈ పంక్తి ఖాళీ’ అని దాని భావము. విషయము మాత్రము, దానిపై మరియొకటి వ్రాయబడువరకు, అక్కడనే పడియుండును. కావున పెన్ డ్రైవులోని ముఖ్యమైన ఫైలు పొరపాటున పోయినచో వెంటనే చేయవలసినది దానిలో మరేమియు దాచకుండుట. అట్లున్నచో తెలిసినవారు తగిన ప్రోగ్రాముతో దానిని తిరిగి తీయుటకు అవకాశము మిగులును.

జాబితాలో మరియొక జాబితాను చేర్చి, చెట్టు కొమ్మల వలె పెంచుకొనవచ్చునను భావము 1965లో ‘మల్టిక్స్’ అను పద్ధతిని రూపొందించినవారు ప్రకటించిన వ్యాసములో స్పష్టముగా కనిపించును. తరువాత వచ్చిన యూనిక్స్ దానిని లోకమంతట వ్యాపింపజేసినది. కాగితముల అట్ట బొమ్మను తెరపైకి తెచ్చి ప్రజలకు అలవాటు చేసిన యంత్రములలో 1981 నాటి జిరాక్స్ ‘స్టార్’ ముందు వరుసలోనిది. గుడ్డలో చుట్టి ముడివేసిన కరణముగారి దస్తరమును ఎరిగిన మన పెద్దలకు ఈ ఊహ అంత కొత్తది కాదు. అయితే కరణముగారి తరువాత ఆ మూటలో ఏది ఎక్కడ నున్నదో మరియొకరికి తెలియకపోవుట కూడ ఆ దస్తరములకు ఉండిన లోపమే.

చెట్టువలన లాభమెంత? వేయి ఫైళ్ళు ఒకే కుప్పగా నున్నచో, కావలసినదానిని వరుసగా వెదకువాడు సగటున అయిదువందల పేర్లు చదువవలెను. వానినే పదేసి ఫోల్డర్లుగా, ఒక్కొక్క ఫోల్డరులో మరల పదేసిగా, వానిలో పదేసి ఫైళ్ళుగా అమర్చినచో మూడు మెట్లు దిగవలెను. మెట్టునకు పది పేర్ల చొప్పున మిక్కిలి యెక్కువ యనుకొన్నను ముప్పది పేర్లు. ఇది బాగున్నదని ఏడెనిమిది మెట్లు కట్టుట తెలివి కాదు. ఒక్కొక్క ఫోల్డరులో ఒకటి రెండు ఫైళ్ళు మాత్రమే మిగిలి, తలుపులు తీయుటతోనే పొద్దు పోవును. విండోసులో మార్గము పేరంతయు కలిపి 260 అక్షరములు మించరాదను హద్దు చాలకాలము ఉండెడిది. నేటికిని కొన్ని ప్రోగ్రాములు ఆ హద్దును దాటలేక మొండికేయును. మూడు మెట్లు, తప్పనిచోట నాలుగు, పాఠశాల అవసరములకు సరిపోవును.

మొదటి మెట్టు ఏది కావలెను అనునది చర్చనీయాంశము. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ ఈ చిక్కుతోనే జీవితమంతయు కుస్తీపట్టిరి. 1931లో వెలువరించిన ఐదు సూత్రములలో నాలుగవదానిని ఆయన పాఠకుని కాలము పొదుపు చేయుటకే కేటాయించిరి. 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిరి. ఒక పుస్తకమునకు అనేక ముఖములున్నను బీరువాలో అది ఒక్క చోటనే నిలువగలదు. కార్డులు మాత్రము ఎన్నియైనను వ్రాయవచ్చును. కంప్యూటరు ఫైలును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. విద్యుత్తుపై తీసిన చలనచిత్రము ‘పదవ తరగతి’లో ఉండవలెనా, ‘చలనచిత్రములు’లో ఉండవలెనా? రెండుచోట్లను రెండు నకళ్ళు ఉంచుట మాత్రము తప్పు. అసలు ఒకచోట నుంచి, రెండవచోట ‘షార్ట్‌కట్’ అనెడి గుర్తును ఉంచిన చాలును.

పాఠశాలలో తరచు వేయు ప్రశ్న ‘ఏ సంవత్సరము, ఏ తరగతి?’ అనునదే కనుక, ముందు విద్యా సంవత్సరము, దానిలో తరగతి, దానిలో పని, అనగా పాఠములు, ప్రశ్నపత్రములు, మార్కులు, ఈ వరుస మేలుగా తోచును. విషయమును మొదటి మెట్టుగా పెట్టుమని కొందరు చెప్పుదురు. ఏడాది పొడవునను భౌతికశాస్త్రమునే బోధించువారికి ఆ మెట్టు వ్యర్థము. అయితే ఏ యేటికా యేడు మారని పాఠ్య చిత్రములు, ప్రయోగ సూచనలు వంటివి సంవత్సరముల క్రింద చిక్కుకొనరాదు. వానికి వేరుగా ‘శాశ్వతము’ అను ఫోల్డరు ఉండుట మంచిది.

పేర్లు పెట్టుటలో అందరును పొరబడునది తేదీ. మన అలవాటు చొప్పున 05-01-2025 అని వ్రాసినచో మనుష్యునకు అర్థమగును గాని కంప్యూటరు వరుస చెడిపోవును. అది ఎడమనుండి ఒక్కొక్క అక్షరమునే పోల్చుచు పోవుటచే, అన్ని నెలల 1వ తేదీలు ఒకచోట, 2వ తేదీలు ఒకచోట గుంపు కూడును. 2025-01-05 అని సంవత్సరము, నెల, దినము క్రమములో వ్రాసినచో అక్షరక్రమమే కాలక్రమమగును. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము కూడ ఈ క్రమమునే నిర్ణయించినది. పాఠముల సంఖ్యలకును ఇదే జాగ్రత్త అవసరము. అక్షరమువారీ పోలికలో 10వ పాఠము 2వ పాఠమునకు ముందు వచ్చి కూర్చుండును. 01, 02 అని సున్న చేర్చినచో ఆ బాధ తప్పును. ‘2024-09-18 తరగతి10 యూనిట్ పరీక్ష02 ప్రశ్నపత్రము’ అను పేరు చదివినవానికి ఫైలు తెరువకనే సంగతి తెలియును. రైలు సంఖ్యల పద్ధతియు ఇట్టిదే. 2010 డిసెంబరు నుండి బండ్లకు ఐదంకెల సంఖ్యలు వచ్చినవి. మొదటి అంకె 0 అయినచో ప్రత్యేక రైలు అనియు, 1 గాని 2 గాని అయినచో దూరప్రయాణపు బండి అనియు చూచినంతనే చెప్పవచ్చును.

వెదకి పెట్టు సౌకర్యము కంప్యూటరులోనే ఉండగా ఈ శ్రమ యెందులకని విద్యార్థులు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లీషులో టైపు చేసిన ఫైళ్ళ విషయమున వారి మాట చాలవరకు నిజము. తెలుగులో మాత్రము ఒక పెద్ద అడ్డంకి కలదు. యూనికోడు అను సార్వజనిక సంకేత పద్ధతిలో 1991 నుండియే తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. ‘క’ అను అక్షరమునకు ఏ యంత్రములోనైనను ఒకటే సంఖ్య. కాని అంతకు పూర్వపు పద్ధతిలో తయారైన ఫాంట్లు, అచ్చుపనిలో ఆ తరువాత కూడ చాలకాలము నిలిచినవి, ఇట్లు చేయవు. అవి ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలనే దాచి, వానిపై తెలుగు బొమ్మను తొడుగును. కంటికి ‘గురుత్వాకర్షణ’ అని కనిపించినను, లోపల ఉన్నది అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల వరుస. నేటి కీబోర్డుతో ‘గురుత్వాకర్షణ’ అని టైపు చేసి వెదకినచో ఆ ఫైలు జన్మలో దొరకదు. డి.టి.పి. కేంద్రములలో టైపు చేయించి తెచ్చిన పాత ప్రశ్నపత్రములు పెక్కు ఈ జాతివే.

ఫోటోలు, స్కాను చేసిన పుటలు ఇంకను మూగవి. వానిలో అక్షరములే లేవు, చుక్కలు మాత్రమే ఉన్నవి. చక్కని యూనికోడు ఫైళ్ళలో సహితము ‘విద్యుత్’ అని ఒకరు, ‘విద్యుత్తు’ అని మరియొకరు వ్రాయుటచే రెండవ రూపముతో వెదకువారికి మొదటిది తప్పిపోవచ్చును. అందుచేత ఇట్టి ఫైళ్ళ పేరులోనే విషయమును తెలుగులో, యూనికోడులో, పాఠశాలలో అందరును ఒప్పుకొన్న వర్ణక్రమముతో వ్రాయుట అవసరము. ఒక పుట జాబితాలో ఆ మాటలను వ్రాసి కంప్యూటరు ప్రక్కన గోడకు అంటించినచో వివాదముండదు.

మార్కుల పట్టికల విషయమున ‘ఫైనల్’ అను మాటను నిషేధించుట మేలు. సవరించిన ప్రతిసారియు ఆనాటి తేదీతో కొత్త పేరు పెట్టి, వెనుకటిదానిని అదే ఫోల్డరులోని ‘పాతవి’ అను చోటికి పంపవలెను. పైకి కనిపించు పట్టిక ఎల్లప్పుడు ఒక్కటే కావలెను. పెన్ డ్రైవులో ఇంటికి తీసికొనిపోయి అక్కడ దిద్దినచో చిక్కు రెట్టింపగును. ఇంటిలో ఒక పట్టిక, బడిలో ఒక పట్టిక వేర్వేరుగా పెరుగును. అసలు ఎక్కడ ఉండునో ముందే నిర్ణయించుకొని, దిద్దిన వెంటనే అక్కడికి చేర్చవలెను. ఇదిగాక, పాడైనపుడు ఆదుకొనుటకు ఒక నకలు వేరొక డిస్కుపైనను, మరియొక నకలు వేరొక భవనములోనో ఇంటర్నెట్టు నిలువలోనో ఉండవలెను. పెన్ డ్రైవు ముందుగా చెప్పి చెడిపోదు.

ఇప్పటికే పేరుకొనిపోయిన వేలకొలది ఫైళ్ళ గతి యేమి? వానినన్నింటిని కూర్చుండి సర్దవలెనని పూనుకొన్నవారు సాధారణముగ రెండవనాడు మానివేయుదురు. సులభమైన ఉపాయ మొకటి కలదు. జూన్ నెలలో బడి తెరచినపుడు తెరపైనున్న సమస్తమును ‘పాతవి’ అను ఒకే ఫోల్డరులోనికి నెట్టి, పేరులో ఆ సంవత్సరమును చేర్చవలెను. డ్రైవు మారదు కనుక పని క్షణములో ముగియును. ఆనాటినుండి పుట్టు ప్రతి ఫైలును కొత్త అమరికలో, కొత్త పేరుతో దాచవలెను. పాత ఫైలు అవసరమైనపుడు దానినొక్కదానిని వెదకి తెచ్చి, సరియైన పేరు పెట్టి, సరియైన చోట ఉంచవలెను. మరుసటి ఏప్రిలు నాటికి పాతకుప్పలో ఎవరును ముట్టనివే మిగులును. వానిని వేరొక డిస్కుమీదికి ఎక్కించి, ఆ నకలు తెరుచుకొనుచున్నదో లేదో పరీక్షించిన పిమ్మట, కంప్యూటరు నుండి తీసివేయవచ్చును.