చేపల గంపలో రూపపరిణామము

వసిష్ఠ గోదావరి అంతర్వేదికడ సముద్రమున కలియుటకు కొలది మైళ్ళు ముందుగా నిలిచిన నరసాపురమునకు ఏటి చేపయు, కడలి చేపయు, చెరువు చేపయు ఒక్క బజారునకే వచ్చుటచేత, జంతుదేహములు ఎన్నెన్ని రూపములు దాల్చినవో, ఆ రూపములకును వాని నడకలకును గల సంబంధమెట్టిదో తెలిసికొనగోరువారికి ఇంతకు మించిన పాఠశాల దొరకదు. గంపలు దించిన తావున వంజరము, చందువ, బొమ్మిడాయి, సావిడాయి, టేకు, నాలుక చేప, రొయ్య, పీత ఒకదాని ప్రక్క నొకటి పడియుండును. బేరమాడువారి చూపు మొప్పల ఎఱుపుమీదనే గాని ఆకారముమీద నుండదు. కూర వండుకొనువారికి అది సహజమే.

వంజరమునకు తోక మొదలు మిక్కిలి సన్నము, తోక గట్టిది, లోతుగా చీలినది. మొండెమును బిగబట్టి తోకనొక్కదానినే ఆడించి అది దూరములు పరుగిడును. బొమ్మిడాయి అట్లుగాక తలనుండి తోకవఱకు దేహమంతయు అలలుగా మెలిత్రిప్పుచు పోవును గాన, పరుగులో ఓడినను, వేఱొక చేప దూరలేని బురదలోనికిని నాచులోనికిని దూరగలదు. వెడల్పైన చందువకు మలుపు తిరుగుట తేలిక. సావిడాయికి తోకరెక్కయే లేదు. తల మీదికెత్తి నీటిలో నిలువుగా నిలిచి ఎరకై పొంచియుండును. వేగము, మలుపు, దూఱుట ఈ మూడును ఒక్క దేహమునకే పూర్తిగా దక్కవు. ఒకదానిని పెంచుకొన్నది వేఱొకదానిని కొంత వదలుకొనవలసినదే. 1917లో డార్సీ థామ్సన్ అను స్కాట్లండు పండితుడు ఒక చేప బొమ్మను గళ్ళ కాగితముమీద గీచి, ఆ గళ్ళను క్రమముగా వంచియు సాగదీసియు చూచినచో వేఱొక జాతి చేప రూపము ఏర్పడుటను చూపెను. అవయవములు అవియే, పెరుగుదల పాళ్ళు మాఱినవి. ఆ మార్పులలో బ్రతుకునకు అక్కఱకు వచ్చినవి తరతరములకు నిలిచినవి.

చదునైన చేపలు రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఈ మర్మము మఱింత బయటపడును. టేకును నాలుక చేపయు ఇసుకలో కలిసిపోయి అడుగున పడియుండుటకే దేహములను చదును చేసికొన్నవి. టేకు పొట్టమీద పరుండును. నోరును మొప్పచీలికలును అడుగున, కన్నులు పైన. ఇసుక నోటబడకుండ, కన్నుల వెనుకనున్న రంధ్రములనుండి నీరు లోనికి పీల్చుకొనును. అది సొర వంశమునకు దగ్గరి చుట్టము. ప్రక్కరెక్కలు తలవఱకు పెరిగి అతుకుకొనుటతో దాని పని తీఱినది. నాలుక చేప పూర్వులు అట్టివి కావు. నిలువుగా పలుచనై ఇరుప్రక్కల నొత్తినట్లుండు ఎముకచేపలు. ఆ దేహము పొట్టమీద నిలువదు, ప్రక్కకు ఒరిగినది. ఒరుగగానే ఒక కన్ను ఇసుకపాలగును. దీనికి కుదిరిన ఉపాయము వింతైనది: గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు తక్కిన చేపలవలెనే తల కిరువైపుల కన్నులుండును, అది నిటారుగానే ఈదును, కొంతకాలమునకు కుడికన్ను నెత్తిమీదుగా ఎడమవైపునకు తరలివచ్చును, పుఱ్ఱె మెలివడును, నోరు వంకరయగును. గంపలోని చేపను అటునిటు త్రిప్పి చూచినచో, గోధుమవన్నె పైవైపున రెండు కన్నులు చేరువగా నుండుటయు, తెల్లని క్రిందివైపున ఒక్క కన్నైన లేకుండుటయు కనబడును.

కొద్దికొద్దిగా కలుగు మార్పులు లాభకరములైనపుడే నిలుచునను డార్విను సిద్ధాంతమునకు ఈ కన్నే గట్టి చిక్కు తెచ్చిపెట్టినది. సగము తరలిన కన్ను ఇంకను ఇసుకలోనే యుండును గదా, దానివలన చేపకు ఒనగూడు లాభమేమి యని 1871లో సెయింట్ జార్జ్ మివార్ట్ అను ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు నిలదీసెను. మఱుసటి యేట వెలువడిన, ఆ సిద్ధాంతమును తెలుపు తన గ్రంథపు ఆఱవ కూర్పులో డార్విను బదులు చెప్పెను గాని, సాక్ష్యముగా చూపదగిన శిలాజము లేకపోయెను. 2008లో మాట్ ఫ్రీడ్‌మన్ అను శిలాజశాస్త్రజ్ఞుడు, ఇటలీలోని బోల్కాకడ ఎన్నడో దొరకి మ్యూజియములలో పడియున్న సుమారు 5 కోట్ల సంవత్సరముల నాటి రాతిచేపలను శోధించి, ఎదిగిన చేపలయందే ఒక కన్ను నెత్తివైపునకు కొంత జరిగి అచ్చటనే ఆగియుండుట నిరూపించెను. మివార్టు అసంభవమన్న సగపు కన్నుతోనే ఆ చేపలు పెరిగి పెద్దవైనవి.

ఏటి కావలి యొడ్డున అంతర్వేదిలో కొలువున్న నరసింహస్వామికి సింహపు శిరస్సును మనుష్యదేహమును ఒక్కటిగా అమరినవి. దైవమునకు అది చెల్లును, ప్రకృతికి చెల్లదు. తాతలనుండి వచ్చిన అవయవమునే సాగదీసియో, మడచియో అది పని గడుపుకొనవలసియున్నది. రొయ్య బెదరినపుడు తోకను ఒక్కపెట్టున ముడిచి వెనుకకు దూకును; మనము తినునది ఆ తోకకండయే. దాని జ్ఞాతియైన పీతకును ఆ తోక యున్నది: వెల్లకిల వేసి చూచినచో పొట్ట కంటుకొని మడిచియున్న రేకు అదియే. ఆడుదానికి అది వెడల్పు, మగదానికి సన్నము. పీతపిల్లకు మొదట ఆ తోక వెనుకకు చాచియే యుండును. పీత రూపము, రొయ్యయు పీతయు చేరిన ఈ వర్గమున కనీసము 5 పర్యాయములు వేఱువేఱుగా ఏర్పడినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఇక మడ అడవుల బురదలో గెంతు చిన్న చేప సంగతి. పోటు తీసిన పిమ్మట అది ప్రక్కరెక్కలు రెంటిని ఒక్కసారి ముందునకు నాటి, వానిపై దేహము నీడ్చుకొని పోవును. ఆఱిన కన్నులను గుంటలలోనికి దించి తడిపికొనును. తడిచర్మముతోను గాలి పీల్చును. మన పూర్వులు నేల కెక్కిన వైనమునకు దీనినే సాక్ష్యముగా చూపువారు కలరు, అది సరికాదు. నాలుగుకాళ్ళ జంతువుల పూర్వులు సుమారు 37 కోట్ల యేండ్లనాటి కండరెక్కల చేపలు. ఈ గెంతుడు చేప వేఱొక వంశమున పుట్టి తన త్రోవ తానే తీసికొన్నది.

చేపల రూపములను వ్రాసియుంచుట ఈ తీరమున క్రొత్త కాదు. 1780వ దశకమున విశాఖపట్టణములో నున్న పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు (రక్తపింజరికి ఆంగ్లమున ఇతని పేరే) అచ్చటి 200 చేపలకు బొమ్మలు వ్రాయించి, స్థానికులు పిలిచిన పేర్లను చేర్చి, 1803లో లండనునుండి రెండు సంపుటములుగా ప్రకటించెను. నరసాపురమున 1949 నుండి వై.ఎన్. కళాశాల కలదు, చేపలు ప్రతిదినము వచ్చుచునే యున్నవి. ఇచ్చటి అధ్యాపకులు అప్పుడప్పుడు పిల్లలను ఉదయమున రేవునకు తోడ్కొనివచ్చి, ప్రతి చేపకును బెస్తలు చెప్పు పేరును, పట్టిన తావును, రెక్కల కొలతను, ఈదు తీరును ఒక పుస్తకమున వ్రాయింపవలెనని నా విన్నపము. అడిగిన చెప్పుటకు బెస్తలు వెనుదీయరు. కత్తిపీటకు పోకముందే అడుగవలెను.