వరిలో ఎండాకు తెగులు నిరోధకత: ఒక జన్యువు ఎందుకు చాలదు?

వరిలో ఎండాకు తెగులును కలిగించే జాంథోమోనాస్ ఒరైజే బాక్టీరియా ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల ద్వారా, గాయాల ద్వారా ప్రవేశించి దారు నాళాల్లో వృద్ధి చెందుతుంది. ఆకు కొన నుండి అంచుల వెంబడి పసుపు రంగు మచ్చలు అలల ఆకారంలో కిందికి వ్యాపించి, ఆకులు ఎండిపోతాయి. తెగులు సోకిన తరువాత రసాయనాలతో అదుపు చేయడం కష్టం కనుక నిరోధక రకాల సాగే ప్రధాన మార్గం. బాపట్లలో రూపొందించిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) బియ్యం నాణ్యతకు పేరుపొందినా, ఈ తెగులుకు సులభంగా లోనవుతుంది.

జంతువులలో వలె రక్తంలో సంచరించే రక్షణ కణాలు మొక్కలకు లేవు. ప్రతి కణమూ శత్రువును తానే గుర్తించాలి. ఆఫ్రికా అడవి వరి ఒరైజా లాంజిస్టామినేటా నుండి లభించిన ఎక్స్ఎ21 జన్యువు ఇందుకు ఉదాహరణ. 1995లో వేరుచేసిన ఈ జన్యువు ఉత్పత్తి చేసే ప్రోటీను కణత్వచంలో అమరి ఉంటుంది. దాని వెలుపలి భాగం బాక్టీరియా విడుదల చేసే రాక్స్ఎక్స్ అనే పెప్టైడును గుర్తిస్తుంది. లోపలి భాగం కైనేజ్ ఎంజైముగా ఆ సంకేతాన్ని కణంలోనికి చేరవేయగా, రక్షణ చర్యలు మొదలై బాక్టీరియా వృద్ధి కుంటుపడుతుంది. అయితే రాక్స్ఎక్స్ నిర్మాణం మారిన బాక్టీరియా తెగలు ఈ నిఘాను తప్పించుకోగలవు.

ఎక్స్ఎ13, ఎక్స్ఎ5 జన్యువుల తీరు వేరు. ఇవి శత్రువును గుర్తించవు, దానికి సహకరించవు. బాక్టీరియా తన ప్రోటీన్లను వరి కణంలోనికి పంపి, చక్కెరను వెలుపలికి పంపే జన్యువును ప్రేరేపించి ఆహారం పొందుతుంది. ఎక్స్ఎ13లో ఆ జన్యువు నియంత్రణ భాగం మారి ఉండటం వల్ల ఈ ప్రేరణ జరగదు. జన్యువుల వ్యక్తీకరణకు తోడ్పడే ఒక వరి ప్రోటీనును బాక్టీరియా తన పనికి వాడుకుంటుంది. ఎక్స్ఎ5లో ఆ ప్రోటీను స్వల్పంగా మారి, అందుకు అనుకూలించదు. ఈ రెండూ అంతర్గత జన్యువులు కనుక సంకర వరిలో ఫలితమివ్వాలంటే తల్లిదండ్రులు రెండింటిలోనూ ఉండాలి.

హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. కలిసి ఈ మూడు జన్యువులను మార్కర్ల సహాయంతో సాంబ మసూరిలో చేర్చగా, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. బాక్టీరియా ఒక జన్యువును తప్పించుకున్నా, మిగిలినవి అడ్డుపడే అవకాశం ఉండటమే ఈ కూర్పులోని బలం.

అగ్గి తెగులు, దోమపోటు వంటి ఇతర సమస్యలకు ఈ జన్యువులు రక్షణనివ్వవని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు స్పష్టం చేయాలి. నత్రజనిని సిఫారసుకు మించి వేయకపోవడం, నాట్ల సమయంలో నారు కొనలు తుంచకపోవడం, తెగులు సోకిన పొలం నీటిని ఆరోగ్యవంతమైన పొలానికి పారించకపోవడం ఎప్పటికీ అవసరమే. బాక్టీరియా ఒత్తిడి ఎంత తగ్గితే, నిరోధకత అంత కాలం నిలుస్తుంది.