కబురు పొలము చేరినదా? – పౌర సంబంధముల పరిశోధనకు ఆధారములు వెదకు విధము

ఒక మంచి సలహాను శాఖవారు కరపత్రముగా అచ్చువేయింతురు. గ్రామసభలో చదివి వినిపింతురు. రేడియోలో చెప్పింతురు. నేడు సెల్‌ఫోనులకు కూడ సందేశములు పంపుచున్నారు. అంతటితో పని ముగిసినదని నివేదిక వ్రాయుట సులభమే. కాని ఆ సలహా పొలములోనికి దిగినదా అని ఎవరైన అడిగినచో వెంటనే జవాబు చెప్పగలవారు అరుదు. కరపత్రములు ఎన్ని పంచినారో లెక్క ఉండును. చదివి ఆచరించినవారు ఎందరో లెక్క ఉండదు.

ఒక సంస్థ ప్రజలతో మాట్లాడుట, ప్రజల మాట తాను వినుట, ఈ రెంటివలన ఒకరిపై ఒకరికి నమ్మకము కుదురుట – దీనినే పౌర సంబంధములు అందురు. పత్రికలకు ప్రకటనలిచ్చుట ఇందులో ఒక భాగము మాత్రమే. ఈ విషయమును నేడు విశ్వవిద్యాలయములలో శాస్త్రముగా బోధించుచున్నారు. రైతుబిడ్డలు అనేకులు పత్రికా రచన, వ్యవసాయ విస్తరణ విద్య మొదలగు చదువులలో చేరుచున్నారు. వారికిని, తమ మండలమును గూర్చి తెలిసికొనగోరు గ్రామాధికారులకును మొదట ఎదురగు చిక్కు ఒక్కటే. పరిశోధనకు కావలసిన ఆధారములు ఎక్కడ దొరకును?

ముందు ప్రశ్న, తరువాత పుస్తకము

ఏ పంట వేయవలెనో నిశ్చయించుకొనక విత్తనాల అంగడికి పోయినవాడు అంగడివాడు చూపినదే కొని వచ్చును. ప్రశ్న లేక గ్రంథాలయమునకు పోయినవాని సంగతియు అంతే. "పౌర సంబంధములు" అను మాట చాల పెద్దది. దానిని పట్టుకొని వెదకినచో పుస్తకములు గుట్టలుగా వచ్చును గాని పని జరుగదు.

కనుక ప్రశ్నను చిన్నదిగా చేసికొనవలెను. ఉదాహరణకు: మా మండలములో వేరుశనగ విత్తనశుద్ధిని గూర్చి చెప్పిన మాట ఎందరికి చేరినది? విన్నవారిలో ఎందరు చేసినారు? చేయనివారు ఎందుచేత చేయలేదు? ఈ మూడు ప్రశ్నలు చాలును. ఒక పంట, ఒక సలహా, ఒక మండలము, ఒక కారు – ఇట్లు హద్దులు గీసికొన్నవానికి ఏ కాగితము కావలెనో, ఏది అక్కరలేదో తానుగనే తెలియును.

పూర్వము జరిగిన పరిశోధనలు

ఇటువంటి ప్రశ్నలు ఇతరులు ఇదివరకే అడిగియున్నారు. వారి మార్గము తెలిసికొన్నచో మన శ్రమ సగము తగ్గును.

అమెరికాలోని అయోవా రాష్ట్రములో సంకర జాతి మొక్కజొన్న విత్తనము వ్యాపించిన విధమును బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను ఇరువురు పరిశీలించి 1943లో ప్రకటించినారు. వారు రెండు గ్రామ ప్రాంతములలో 259 మంది రైతులను విచారించినారు. ఇద్దరు తప్ప అందరును 1928 – 1941 మధ్య ఆ విత్తనమును స్వీకరించినవారే. అయినను విత్తనమును గూర్చి మొదట విన్ననాటికిని, స్వీకరించిననాటికిని మధ్య సగటున తొమ్మిది సంవత్సరములు గడచినవి. వార్త మొదట తెచ్చినవారిలో విత్తనములమ్మువారు ముఖ్యులు. నమ్మకము కలిగించినవారు ఇరుగుపొరుగు రైతులు. వినుట వేరు, నమ్ముట వేరు అని దీనివలన తేలినది.

మన దేశములో 1956లో పూనా రేడియో కేంద్రము పరిధిలో ఐదు జిల్లాలలోని 150 గ్రామములలో రైతుల రేడియో గోష్ఠులను నడిపినారు. రైతులు ఒకచోట చేరి కార్యక్రమము వినుట, విన్న పిమ్మట చర్చించుట, తమ సందేహములను రేడియో కేంద్రమునకు వ్రాసి పంపుట – ఇది పద్ధతి. పాల్ న్యూరాత్ అను పరిశోధకుడు గోష్ఠులు గల గ్రామములను, లేని గ్రామములను పోల్చి చూచినాడు. చర్చ జరిగిన గ్రామములలో తెలివిడి బాగుగా పెరిగినది. గోష్ఠులు లేనిచోట మార్పు స్వల్పము. ఈ నివేదికను యునెస్కో సంస్థ 1959లో ప్రచురించినది.

పౌర సంబంధముల శాస్త్రములో నేడు పేరెన్నికగన్న జేమ్స్ గ్రూనిగ్ మొదట చదివినది వ్యవసాయ పత్రికా రచన. ఆయన 1960 దశకములో కొలంబియా దేశపు రైతులు సమాచారమును ఎట్లు వాడుకొందురో పరిశీలించినారు. సంస్థలు రైతులకు చెప్పుటకే గాని రైతులనుండి వినుటకు అంతగా ప్రయత్నించుట లేదని ఆయన గమనించినారు. తరువాత 1984లో టాడ్ హంట్‌తో కలిసి వ్రాసిన గ్రంథములో పౌర సంబంధములను నాలుగు తీరులుగా విభజించినారు. మొదటిది కేవలము ప్రచారము. రెండవది నిజమైన సమాచారమిచ్చుట. మూడవది ప్రజల మనసెరిగి వారిని ఒప్పించుట. నాలుగవది ఇరువురు వినుట, అవసరమైనచో ఇరువురు మారుట. మన గ్రామములో జరుగుచున్నది ఏ తీరో చూచుకొనుటకు ఈ విభజన మంచి కొలబద్ద.

ఎక్కడ వెదకవలెను?

మొదటిది, విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు. రాజేంద్రనగరులోను, బాపట్ల వ్యవసాయ కళాశాలలోను విస్తరణ విద్యలో ఎన్నో పరిశోధనలు జరిగినవి. దేశములోని వ్యవసాయ విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు "కృషికోశ్" అను భాండాగారములోను, ఇతర విశ్వవిద్యాలయములవి "శోధ్‌గంగ" అను భాండాగారములోను ఇంటర్నెట్ ద్వారా చదువవచ్చును. ఇక్కడ ఒక మెలకువ కావలెను. వ్యవసాయములో ఇటువంటి పరిశోధనలు చాలవరకు "పబ్లిక్ రిలేషన్స్" అను శీర్షిక క్రింద ఉండవు. "ఎక్స్‌టెన్షన్", "కమ్యూనికేషన్", "అడాప్షన్", "డిఫ్యూజన్" అను మాటలతో వెదకినచో దొరకును. ఒక మంచి సిద్ధాంత గ్రంథము చేతికి వచ్చిన తరువాత దాని చివర ఇచ్చిన గ్రంథముల పట్టికను చదువవలెను. ఒక తీగ లాగినచో మిగిలినవి వెంట వచ్చును.

రెండవది, సంస్థల గ్రంథాలయములు. రాజేంద్రనగరులో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, 1987లో ఏర్పడిన మేనేజ్ సంస్థ ఉన్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1954 నుండి పత్రికా రచన శాఖ కలదు. ఇట్టి చోట్లకు పోవునప్పుడు కళాశాల నుండిగాని, పై అధికారి నుండిగాని పరిచయ పత్రము తీసికొనిపోవుట మేలు. యునెస్కో తన పాత ప్రచురణలను ఇంటర్నెట్‌లో ఉచితముగా చదువనిచ్చుచున్నది. పైన చెప్పిన పూనా నివేదిక వంటివి అక్కడ వెదకవలెను.

మూడవది, పాత కాగితములు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారములో వెనుకటి ప్రభుత్వ రికార్డులు ఉన్నవి. జిల్లా గ్రంథాలయములలోని పాత పత్రికల సంపుటములు కూడ ఉపయోగించును. ఏ సలహాను ఏ సంవత్సరములో ఎట్లు చెప్పినారో వానివలన తెలియును.

నాలుగవది, మన కార్యాలయములే. శిక్షణ శిబిరముల హాజరు పట్టీలు, గ్రామసభల తీర్మానములు, పంచిన విత్తనముల జాబితాలు ఇక్కడనే ఉండును. అడిగినను ఇవ్వనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. సాధారణముగా 30 దినములలో జవాబు ఇయ్యవలెను. అయితే "ఈ పథకము ఎందుకు విఫలమైనది?" అని వ్రాసినచో ప్రయోజనము లేదు. ఆ చట్టము కార్యాలయములో ఉన్న సమాచారమును ఇప్పించును గాని, లేని అభిప్రాయమును పుట్టింపదు. "ఫలానా సంవత్సరపు శిక్షణ శిబిరముల హాజరు పట్టీల నకలు" అని స్పష్టముగా కోరవలెను.

కాగితములు చెప్పని సంగతి

ఇక్కడ ఒక పెద్ద గోతిని గమనింపవలెను. రైతుల జాబితా కావలెనన్నచో మనము వెంటనే అడంగలునో, పహాణీనో తెరచెదము. అందులో పట్టాదారు పేరు తప్పక ఉండును. భూమిని నిజముగా సాగుచేయు కౌలురైతు పేరు తరచుగా ఉండదు. ఆ జాబితానుబట్టి సభకు పిలుపు వెళ్లినచో పట్టణములో కాపురమున్న భూస్వామికి సందేశము చేరును. బురదలో నిలబడినవానికి చేరదు. అదే జాబితానుబట్టి పరిశోధన చేసినచో ఆ లోపము మరల కనబడకపోవును. "అందరికిని చేరినది" అని వ్రాసిన నివేదిక క్రింద అసలు సేద్యగాడే మరుగుపడును. నాట్లు, కలుపు, కోత పనులు చేయు స్త్రీల సంగతియు ఇట్టిదే.

కనుక జాబితాతో తృప్తి పడక పొలము గట్టుమీద నిలిచి "ఈ చేను ఎవరు చేయుచున్నారు?" అని అడిగి పేరు వ్రాసికొనవలెను. వారితో ముచ్చటించునప్పుడు "మందు పట్టించినావా?" అని అధికారివలె అడిగినచో "పట్టించినానండి" అనియే జవాబు వచ్చును. "ఈ ఏడు విత్తనము ఎట్లు సిద్ధము చేసినారయ్యా?" అని అడిగినచో ఉన్నది ఉన్నట్లు చెప్పుదురు. అదనుకు అంగడిలో మందు లేదనియో, కూలి దొరకలేదనియో, సభ ఎప్పుడు జరిగినదో తెలియదనియో వారు చెప్పవచ్చును. ఈ మూడింటికి మూడు వేరు వేరు చికిత్సలు. కరపత్రములు మరికొన్ని అచ్చువేసినంతమాత్రమున మొదటి రెండును తీరవు.

ఆధారమును తూచుకొనుట

దొరకిన ప్రతి కాగితమును నమ్మరాదు. ఇది ఎవరు వ్రాసినారు? ఎందరిని అడిగి వ్రాసినారు? ఎప్పుడు వ్రాసినారు? పథకమును నడిపినవారే దానిని మెచ్చుకొనుచు వ్రాసినారా? ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. శాఖల వార్షిక నివేదికలో ఎంత పని చేసినారో ఉండును. దానివలన ఏమి జరిగినదో తరచుగా ఉండదు. అందుచేత ఒకే సంగతిని రెండు, మూడు చోట్ల సరిచూచుకొనవలెను. ప్రతి ఆధారమునకు గ్రంథము పేరు, సంవత్సరము, పుట ఆనాడే వ్రాసి ఉంచుకొనవలెను.

చివరగా ఒక మనవి. మాట చెప్పి సమయము ఇచ్చిన రైతులకు పరిశోధన ఫలితము చెప్పుట ధర్మము. సిద్ధాంత గ్రంథము బీరువాలో ఉండవచ్చును. దాని సారము రెండు పుటలలో తేట తెలుగున వ్రాసి ఆ గ్రామసభలో చదువవలెను. తప్పు పట్టినవారుంటే దిద్దుకొనవలెను. గ్రామసేవలో ఉన్న అధికారులు రానున్న కారులో ఒక్క సలహాను ఎన్నుకొని, ఇరువది మంది సేద్యగాండ్రను, వారిలో కౌలుదార్లను మరువక, పైన చెప్పిన మూడు ప్రశ్నలు అడిగి చూడవలెను. తరువాతి కరపత్రమును ఆ జవాబులు చదివిన పిమ్మటనే వ్రాయుట మంచిది.