ఫ్లోరైడ్ మంచిదా, చెడ్డదా? ముందు 'ఎంత' అని అడుగుదాం

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి మా రూమ్మేట్ తన టూత్‌పేస్ట్ ట్యూబ్ తీసుకెళ్ళి డస్ట్‌బిన్‌లో పడేశాడు. "ఏమైందిరా?" అంటే ఫోన్ చూపించాడు. ఒక రీల్. ఫ్లోరైడ్ మెదడుని పాడుచేసే విషం, అమెరికాలో బ్యాన్ చేస్తున్నారు, మన పేస్టుల్లో కూడా అదే ఉంది. ముప్పై సెకన్లలో ఇదీ విషయం. పక్క రూమ్ వాడొచ్చి "ఉత్త సొల్లురా, డెంటిస్టులే వాడమని చెప్తారు" అన్నాడు. కాసేపు వాదించుకుని ఇద్దరూ నా వైపు తిరిగారు. మా అమ్మమ్మ వాళ్ళది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు ఊరు. "నువ్వు చెప్పు, మీ దగ్గర ఇదే కదా గొడవ" అన్నారు.

నేనేమీ చెప్పలేకపోయాను. సిగ్గేసింది కూడా. ఎందుకంటే మా పెద్దమ్మ కూతురు ఒకామె ఉంది, నాకు అక్క. ఫోటో తీసే ప్రతిసారీ పెదాలు మూసుకునే నవ్వుతుంది. పళ్ళ మీద గోధుమ రంగు చారలు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో అందరి ముందూ "అక్కా, నువ్వు బ్రష్ చెయ్యవా?" అని అడిగేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. అది ఎంత తోమినా పోయే మరక కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ రాత్రి చెప్పలేనిది ఇప్పుడు చెప్పడానికి ట్రై చేస్తున్నా. స్కూలంతా ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

పళ్ళకి మేలు, పళ్ళకే కీడు

మన పంటి పైపొర, అంటే ఎనామిల్, ఎక్కువ భాగం హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజం. తీపి తిన్నాక నోట్లో బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, అది ఈ ఖనిజాన్ని కొంచెం కొంచెం కరిగిస్తుంది. పుచ్చిపోవడం అంటే ఇదే. పంటి మీద కొద్దిగా ఫ్లోరైడ్ ఉంటే, కరిగిన చోట మళ్ళీ ఖనిజం చేరడానికి సాయపడుతుంది. అలా చేరినది ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. ఇది పంటి పైన జరిగే పని. పేస్ట్‌లో ఫ్లోరైడ్ కలిపేది అందుకే. నోట్లో కాసేపు ఉంటే చాలు, మింగక్కర్లేదు.

కడుపులోకి వెళ్తే కథ వేరు. పిల్లలకి ఎనిమిదేళ్ళు వచ్చే వరకు శాశ్వత పళ్ళ ఎనామిల్ చిగుళ్ళ లోపల తయారవుతూ ఉంటుంది. ఆ టైమ్‌లో ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళ్తే ఎనామిల్ సరిగా గట్టిపడదు. తెల్ల మచ్చలు, ఇంకా ఎక్కువైతే గోధుమ చారలు, గుంటలు. దీన్ని డెంటల్ ఫ్లోరోసిస్ అంటారు. అక్కకి ఉన్నది ఇదే. పన్ను బయటికి రాకముందే రాసిపెట్టిన చార అది, బ్రష్ ఏం చేస్తుంది?

అలాంటి నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్ళ దగ్గర, వెన్నుపూస చుట్టూ ఉండే స్నాయువుల్లో కాల్షియం చేరి బిగుసుకుపోతాయి. మెడ తిరగదు, నడుము వంగిపోతుంది. ఇది స్కెలిటల్ ఫ్లోరోసిస్. ఒకసారి వంగిన ఎముకని మామూలుగా చేసే మందు లేదు. ముందే ఆపడం ఒక్కటే దారి.

అమెరికాలో కలిపారు

1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే కుర్ర డెంటిస్ట్ కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగిన చాలామంది పళ్ళ మీద గోధుమ మరకలు. ఎందుకో ఎవరికీ తెలీదు. అతను ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాడు. రెండు విషయాలు తేలాయి. మరకలకి కారణం నీళ్ళలోనే ఏదో ఉంది. అలాంటి పళ్ళు పుచ్చిపోవడం మాత్రం తక్కువ. ఆ 'ఏదో' ఫ్లోరైడ్ అని 1931లో ఒక అల్యూమినియం కంపెనీ కెమిస్ట్ హెచ్. వి. చర్చిల్ కనిపెట్టాడు.

అంటే అమెరికాలో కూడా ఈ కథ మొదలైంది అక్క పళ్ళ లాంటి పళ్ళతోనే! ఇది చదివినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను.

తర్వాత ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ డెంటిస్ట్ ఊరూరా పిల్లల పళ్ళు చూసి లెక్కలు వేశాడు. లీటరుకి సుమారు 1 మిల్లీగ్రాము దగ్గర పుచ్చు తగ్గుతోంది, మరకలు మాత్రం పెద్దగా రావడం లేదు. దాంతో 1945 జనవరిలో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ ఊరి నీళ్ళలో ప్రపంచంలో మొదటిసారి కావాలని ఫ్లోరైడ్ కలిపారు. ఇప్పుడు అమెరికాలో సగానికి పైగా జనం అలాంటి నీళ్ళే తాగుతున్నారు.

ఇంకో చిన్న సంగతి. 1962లో అక్కడి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం ఒకే నంబర్ కాదు, 0.7 నుంచి 1.2 దాకా ఒక రేంజ్. వేడి ప్రాంతాలకి తక్కువ, చలి ప్రాంతాలకి ఎక్కువ. ఎండ ఎక్కువైతే జనం నీళ్ళు ఎక్కువ తాగుతారు కాబట్టి. 2015లో అంతటికీ 0.7 చేశారు. ఈ ఎండ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

మన దగ్గర భూమే కలిపింది

మన దేశంలో తాగునీళ్ళలో ఫ్లోరైడ్ కలిపే పథకం లేదు. మనకి కలిపేది భూమే. గ్రానైట్ లాంటి గట్టి రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాటి మధ్య నీళ్ళు ఎక్కువ కాలం నిలిచి ఉంటే ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్ళలో కాల్షియం తక్కువగా, క్షార గుణం ఎక్కువగా ఉంటే ఇంకా తేలిగ్గా కరుగుతుంది. చెరువులు ఎండి, బావులు ఎండి, బోర్లు లోతుకి వెళ్ళే కొద్దీ జనం తాగింది ఇలాంటి నీళ్ళే.

ఈ జబ్బు గురించి మన దేశంలో మొదట రాసింది తెలుగు నేల మీద చూసే. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి డాక్టర్లు రిపోర్టు ప్రచురించారు. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ వైపు కుర్రవాళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని ఫ్లోరైడ్‌తో కలిపి చూశారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దాని పేరు 'నల్గొండ టెక్నిక్'. ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరుంది. పేరు మాదే, కానీ ఆ పద్ధతికి రోజూ కొలిచి కలిపే మనిషి కావాలి, అడుగున చేరిన మడ్డి తీసేయాలి. అందుకని చాలా ఊళ్ళలో అది నిలబడలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. గెలవడానికి కాదు, ఫ్లోరైడ్ నీళ్ళ గురించి దేశం వినాలని నామినేషన్లు వేసినవాళ్ళే ఎక్కువ. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, అక్కడ పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ని 500 రూపాయల నుంచి 10,000 చేసింది. నీళ్ళు మాత్రం అంత త్వరగా రాలేదు. మిషన్ భగీరథ పైపులు వచ్చాకే మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణా నీళ్ళు వస్తున్నాయి.

మరి ఇప్పుడు గొడవేంటి?

రీల్‌లో చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఒక రిపోర్టు ఇచ్చింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌కి, పిల్లల్లో తక్కువ ఐక్యూకి సంబంధం కనిపిస్తోందని, ఈ మాట మీద తమ నమ్మకం మధ్యస్థం అని చెప్పింది. వాళ్ళు చూసిన స్టడీలు అమెరికా బయటివి, అందులో ఇండియావీ చైనావీ ఉన్నాయి. అదే రిపోర్టు ఇంకో మాట కూడా చెప్పింది: 0.7 దగ్గర ప్రభావం ఉందో లేదో తేల్చడానికి డేటా సరిపోదు. రీల్‌లో మొదటి వాక్యం ఉంది, రెండోది లేదు.

2024 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫెడరల్ జడ్జి ఎడ్వర్డ్ చెన్, ఈ రిస్క్ మీద పర్యావరణ సంస్థ ఏదో ఒక చర్య తీసుకోవాలని తీర్పు ఇచ్చారు. హాని ఖాయమని తాను తేల్చడం లేదని కూడా అందులోనే రాశారు. 2025లో యూటా, తర్వాత ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్ళలో కలపడం ఆపేశాయి. వాళ్ళు ఆపింది నీళ్ళలో కలపడాన్ని, పేస్ట్‌ని కాదు.

కలపాలి అనేవాళ్ళ వాదనా వినాలి. కెనడాలో క్యాల్గరీ 2011లో ఆపేసింది. తర్వాత అక్కడి పిల్లల పళ్ళని, ఆపని ఎడ్మంటన్ పిల్లల పళ్ళతో పోలిస్తే క్యాల్గరీలోనే పుచ్చు ఎక్కువ కనిపించింది. 2025లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇంకోవైపు 2024లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, ఫ్లోరైడ్ పేస్ట్ అందరికీ వచ్చాక నీళ్ళలో కలపడం వల్ల లాభం ఒకప్పటి కంటే బాగా తగ్గిందని చెప్పింది. పశ్చిమ యూరప్‌లో చాలా దేశాలు కలపవు.

కాబట్టి అసలు డిబేట్ 'విషమా, అమృతమా' అని కాదు. పేస్ట్ ఉన్న కాలంలో, 0.7 దగ్గర వచ్చే చిన్న లాభం కోసం, ఇంకా పూర్తిగా తేలని చిన్న రిస్క్ తీసుకోవాలా అని. దాని మీద తెలివైనవాళ్ళే రెండు వైపులా ఉన్నారు. 4 దగ్గర, 6 దగ్గర మాత్రం డిబేట్ లేదు. అక్కడ ఊళ్ళకి ఊళ్ళే సాక్ష్యం.

ఒక చిన్న గుణకారం

మనం కోడ్ రాసేవాళ్ళం కదా, ఒక లైన్‌లో చెప్తా.

ఒంట్లోకి వెళ్ళే ఫ్లోరైడ్ = లీటరుకి ఎంత ఉంది × రోజుకి ఎన్ని లీటర్లు.

అమెరికాలో 0.7 ఉన్న నీళ్ళు 2 లీటర్లు తాగితే 1.4 మిల్లీగ్రాములు. మే నెలలో పత్తి చేలో పనిచేసే మనిషి 4 ఉన్న బోరు నీళ్ళు 5 లీటర్లు తాగితే 20. అంటే సుమారు 14 రెట్లు. అవే నీళ్ళతో అన్నం, పప్పు వండితే అది అదనం.

ఇప్పుడు లిమిట్లు చూద్దాం. భారత ప్రమాణం ప్రకారం 1.0 దాకా ఫర్వాలేదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థది 1.5. అమెరికాలో చట్టం ఒప్పుకునే గరిష్ఠం 4. ఇది జనాన్ని కాపాడటానికి సరిపోదు, తగ్గించండి అని 2006లోనే అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ చెప్పింది. మన 1.5 నీళ్ళు పాసే అనుకుందాం. 5 లీటర్లు తాగితే 7.5. లిమిట్ అనేది నీళ్ళకి పెట్టారు, మనిషికి కాదు. ఎండలో పనిచేసేవాళ్ళకీ, పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలకీ ఆ ఒక్క నంబర్ ఒకేలా పనిచెయ్యదు. నాకైతే ఈ మొత్తం గొడవలో ముఖ్యమైన పాయింట్ ఇదే.

మనమేం చెయ్యొచ్చు?

మీది బోరు నీళ్ళ ఊరైతే ఒకసారి టెస్ట్ చేయించండి. ఫ్లోరైడ్‌కి రంగు, వాసన, రుచి ఉండవు, చూసి చెప్పలేం. కాచినా పోదు. నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో చాలావరకు తీసేస్తుంది, కానీ తాగడానికి ఆర్వో పెట్టుకుని వంట బోరు నీళ్ళతో చేస్తే సగం పనే అయినట్టు. పేస్ట్ విషయంలో పెద్దవాళ్ళం ఉమ్మేస్తాం కాబట్టి భయం లేదు. చిన్నపిల్లలకి మాత్రం బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడాలి.

ఇదంతా రూమ్మేట్‌కి చెప్తే వాడు రెండు నిమిషాలు ఆలోచించి "అయితే నా పేస్ట్ వేస్ట్ అయిందా?" అన్నాడు. వారం నుంచి నాదే వాడుతున్నాడు లెండి.

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు అక్కకి ఫోన్ చేశాను. నీ గురించి రాయొచ్చా అని. చిన్నప్పుడు పెళ్ళిలో అన్నమాటకి సారీ కూడా చెప్పాను. తనకి గుర్తుంది. "గప్పుడు నువ్వు చిన్నపోరగానివి, నీకేం ఎరుక" అంది. వాళ్ళ బాబుకి ఎనిమిదేళ్ళు, వాడు పుట్టినప్పటి నుంచి తాగింది నల్లా నీళ్ళే. ముందు పళ్ళు కొత్తగా వచ్చాయి. వీడియో కాల్‌లో "ఈ చేసి చూపియ్ మామకి" అని వాడి గడ్డం పట్టుకుని పైకెత్తింది. తెల్లగా ఉన్నాయి.

"రాయి తమ్ముడూ. నా ఫోటో మాత్రం పెట్టకు" అంది చివర్లో.

పెట్టలేదు.