మురికి చేస్తేనే మురిపెం

అంతరిక్షంలో గాలి లేదు, తేమ లేదు. కాబట్టి అక్కడ ఇనుముకు తుప్పు పట్టే వీల్లేదు. అయినా సినిమాల్లో తిరిగే అంతరిక్ష నౌకలను చూడండి: మసి, గీతలు, లేచిపోయిన రంగు, కారిన నూనె మరకలు. ఆ నౌకలనే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. ముక్కలు అతికించి, శుభ్రంగా రంగులు వేసి, ఆపైన పనిగట్టుకుని వాటిని పాతబరిచే వాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ఈ పాతబరచడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు వెదరింగ్. అసలు సరదా అంతా అందులోనే ఉందంటారు. ఎక్కడ ఎంత మురికి పెట్టాలో తెలుసుకోవడానికి గంటల కొద్దీ వీడియోలు చూస్తారు. పల్నాటి వాళ్ళకు ఆ శ్రమ అక్కర్లేదని నా నమ్మకం. పిడుగురాళ్ల, దాచేపల్లి మధ్య రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు. అక్కడికి వద్దాం, ముందు కొలతల సంగతి.

*

నమూనాల మీద 1/72 అని రాసి ఉంటుంది. ఈ వింత అంకె ఎక్కడిది? ఆరడుగులంటే 72 అంగుళాలు. ఆరడుగుల మనిషిని అంగుళానికి కుదిస్తే 1/72 అన్నమాట. 1930లలో ఇంగ్లండులో స్కైబర్డ్స్ అనే విమాన నమూనాలతో ఈ లెక్క వాడుకలోకి వచ్చింది. ఇదే లెక్కన కోటప్పకొండ తిరునాళ్ళకు తరలే 90 అడుగుల ప్రభ సరిగ్గా 15 అంగుళాలవుతుంది. శ్రీహరికోట నుంచి లేచే 44 మీటర్ల పీఎస్ఎల్‌వీ 61 సెంటీమీటర్లకు దిగుతుంది. 'స్టార్ వార్స్'లోని ఎక్స్-వింగ్ అయితే 17 సెంటీమీటర్లే, జానెడు కూడా రాదు.

అదే కథలోని స్టార్ డిస్ట్రాయర్ పొడవు 1,600 మీటర్లు. దాన్ని 1/72లో కట్టాలంటే 22 మీటర్లు కావాలి. ఇల్లు చాలదు, కల్లంలో కట్టుకోవాలి. అందుకే జపాన్ కంపెనీ బండాయ్ దాన్ని 1/5000లో చేసింది. అప్పుడు మూరెడు లోపే, 32 సెంటీమీటర్లు. ఆ కొలతలో మనిషి ఎత్తు అర మిల్లీమీటరు కూడా ఉండదు.

*

నమూనాలు పిల్లలాటే అనుకునేవారికి ఒక ముచ్చట. 1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లలను 5 లక్షల విమాన నమూనాలు చెక్కతో చేసి ఇమ్మని అడిగింది. అన్నీ 1/72 కొలతలోనే. ఆకాశంలో కనిపించే విమానం మనదో శత్రువుదో గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి. 35 అడుగుల దూరంలో నమూనాను పట్టుకుంటే అసలు విమానాన్ని దాదాపు అర మైలు నుంచి చూసినట్టే. వాటికి వేసిన రంగు ఒక్కటే, నలుపు. దూరాన ఉన్న విమానానికి ఆకారమే తప్ప రంగు తెలియదు కదా.

*

పల్నాడులో అందరూ చూడదగ్గ నమూనా ఒకటుంది. మాచర్ల దాటి, సాగర్ జలాశయం మధ్య ద్వీపం మీదున్న మ్యూజియంలో నాగార్జునకొండ లోయ మొత్తం చిన్నదై కూర్చుంది. డ్యాముకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే లోయలో తవ్వకాలు సాగుతున్నాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఇక్ష్వాకుల విజయపురిని వెలికి తీసింది. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి మళ్ళీ పేర్చారు. మిగిలింది నీటి కింద ఉంది. ఏ విహారం ఎక్కడుండేదో, ఏరు ఎటు పారేదో ఒక్క చూపులో తెలియాలంటే ఆ నమూనా ముందు నిలబడాల్సిందే.

*

ఇప్పుడు రంగులు. నమూనాకు అచ్చమైన నలుపు, అచ్చమైన తెలుపు వేయకూడదని పాతకాపులు చెబుతారు. దూరాన ఉన్న కొండ వెలిసినట్టు కనిపిస్తుంది, మధ్యలో గాలి ఉంటుంది గనుక. చేతిలో ఉన్న చిన్న బొమ్మ కంటికి దూరాన ఉన్న పెద్ద వస్తువులా తోచాలంటే దాని రంగునూ కాస్త వెలిసినట్టు కలపాలి. నలుపు స్థానంలో ముదురు బూడిద, తెలుపు స్థానంలో లేత బూడిద. గాలి లేని అంతరిక్షంలో ఈ సూత్రం నిజానికి చెల్లదు. కానీ చూసేది భూమ్మీద పెరిగిన కళ్ళు.

రంగుకు ముందు పూసే ప్రైమర్ మనకు కొత్త కాదు. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి చెక్క ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆరాక సున్నపు పూత పూసి, ఆపైనే రంగులు దిద్దుతారు. ప్లాస్టిక్ నౌకకు సున్నం బదులు బూడిద రంగు ప్రైమర్. నున్నటి ప్లాస్టిక్‌ను రంగు పట్టుకోదు, ప్రైమర్‌ను పట్టుకుంటుంది. పైగా పూత పడగానే అతుకుల్లోని సందులు, గీతలు బయటపడతాయి. పుట్టీ పెట్టి, నీటి కాగితంతో రుద్ది, మళ్ళీ పూయాలి. ఈ దశలో బద్ధకించినవాడి తప్పును ఎంత మురికి పూసినా దాచలేం.

*

ఇక రోడ్డు మీదికి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ దారిన తిరిగే లారీ ఏదైనా సరే, నిదానంగా చూడండి. తెల్లటి పొడి అంతటా ఒకేలా ఉండదు. చదునుగా ఉన్న చోట పేరుకుంటుంది, రేకు అతుకుల్లోకి దిగుతుంది, బోల్టుల చుట్టూ చేరుతుంది. వాన పడితే కిందికి జారి అంచుల దగ్గర చారలుగా ఆగుతుంది. చక్రాల వెనక బురద చిమ్మిన జాడ ఉంటుంది, ముందు ఉండదు. తలుపు పిడి చుట్టూ రంగు అరిగి ఉంటుంది. కాలు పెట్టి ఎక్కే మెట్టు ఇనుము తేలి మెరుస్తుంది. తాడు రాసుకునే అంచున రంగు పోయి, దాని కింద ప్రైమర్, దాని కింద రేకు, వరసగా కనిపిస్తాయి. డీజిల్ టాంకు మూత కింద కారిన మరక మిగతా దుమ్ములా పొడిగా ఉండదు, నిగనిగలాడుతుంది. ఎవరి చెయ్యీ, దేని రాపిడీ తగలని చోట మాత్రం రంగు కొత్తదానిలాగే ఉంటుంది.

ఈ చివరి మాటే ముఖ్యం. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు నౌక అంతటా ఒకే దట్టంలో మసి పులిమేస్తారు. అది వాడిన నౌకలా ఉండదు, పొగగూట్లో మరిచిపోయిన నౌకలా ఉంటుంది. మనుషులు ఎక్కే ద్వారం, ఇంధనం పోసే మూతి, దిగేటప్పుడు నేలకు ఆనే కాళ్ళు, ఇంజన్ల నోళ్ళు: ముందు ఈ నాలుగు చోట్లు గుర్తు పెట్టుకుని మురికి అక్కడ మొదలుపెట్టాలి.

పనిముట్లు మహా చవక. గిన్నెలు తోమే స్పాంజి ముక్క తుంచి, ముదురు గోధుమ రంగులో అద్ది, కాగితం మీద చాలావరకు తుడిచేసి, అంచుల మీద తట్టితే రంగు పెచ్చులూడినట్టు వస్తుంది. కుంచెకు రంగు అంటించి, గుడ్డకు తుడిచి, ఇక ఏమీ లేదనిపించాక ఎత్తుగా ఉన్న భాగాల మీద ఆడిస్తే అదే డ్రై బ్రషింగ్. ఉప్పుతోనూ ఒక చిట్కా ఉంది. వెండి రంగు వేసి ఆరనిచ్చి, తడి చేసి, ఉప్పు గల్లు చల్లి, పైన అసలు రంగు పిచికారీ చెయ్యాలి. ఆరాక ఉప్పు రాల్చేస్తే గల్లున్న చోటల్లా కింది లోహం బయటపడుతుంది. చేత్తో గీసిన మరకకు ఆ సహజత్వం ఎన్నటికీ రాదు.

దుమ్ము కోసం రంగు సుద్దలను ఎమరీ కాగితం మీద అరగదీస్తే చాలు. పిడుగురాళ్ల పక్కనే ఉన్నాం కదా అని సున్నపు పొడి మాత్రం వాడొద్దు. కంట్లో పడితే కాల్చేస్తుంది. సుద్ద పొడికీ మూతికి మాస్కు ఉండాలి. ఇంకో సంగతి: తెల్ల పొడి చల్లాక మ్యాట్ వార్నిష్ కొడితే అందులో సగం మాయమైపోతుంది. కాబట్టి అనుకున్నదానికన్నా ఎక్కువే చల్లాలి.

*

చారలు ఎటు కారాలి? లారీకైతే కిందికి. బరువే లేని చోట తిరిగే నౌకకు కింద ఏది? అందుకే నేల మీద దిగని పెద్ద నౌకలకు చారలను ముందు నుంచి వెనక్కి లాగుతారు. ఎక్స్-వింగ్‌లా అడవుల్లో, బురదలో దిగే నౌకకైతే రెండూ ఉండాలి.

అసలు అంతరిక్షంలో వస్తువులు ఎలా పాతబడతాయో నాసా నిజంగానే చూసింది. ఎల్‌డీఈఎఫ్ అనే బస్సంత చట్రానికి రకరకాల రంగులు, లోహాలు, ప్లాస్టిక్కులు బిగించి 1984 ఏప్రిల్‌లో కక్ష్యలో వదిలి, 1990 జనవరిలో వెనక్కి తెచ్చింది. ఒళ్ళంతా వేలాది సన్న గుంటలు, సూక్ష్మ ఉల్కలూ చెత్త రవ్వలూ తగిలినవి. వింత ఏమిటంటే, ఒకే రకం తెల్ల రంగు వెనక వైపు అతినీల లోహిత కిరణాలకు గోధుమ రంగుకు తిరిగింది, ప్రయాణించే దిశగా ఉన్న ముందు వైపు తెల్లగానే ఉంది. ఆ ఎత్తులో ఉండే ఆక్సిజన్ పరమాణువులు ముందు వైపును ఎప్పటికప్పుడు గీకేశాయి. తెల్ల నౌక వెనక భాగాన్ని కాస్త పసుపు గోధుమగా వేసేవాడికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

రంగుకు బరువుంటుంది కూడా. స్పేస్ షటిల్ పెద్ద ఇంధన టాంకుకు 1981లో మొదటి రెండు ప్రయాణాల్లో తెల్ల రంగు వేశారు. అక్కర్లేదని తేలాక 1982 నుంచి మానేశారు. దాదాపు 270 కిలోలు తగ్గాయి. మనం ఎరిగిన ఆ నారింజ రంగు టాంకు పైనున్న నురగ పొరది.

మన ఉపగ్రహాల మీద తళతళలాడే రేకు బంగారమని చాలామంది అనుకుంటారు. తేనె రంగులో ఉండే పాలీఇమైడ్ పొర వెనక అల్యూమినియం పూత ఉంటుంది. ఆ రెండూ కలిసి బంగారంలా మెరుస్తాయి, అంతే. నమూనాలకు చాక్లెట్ రేకు బాగా సరిపోతుంది.

ఇంజన్ మూతి దగ్గర పసుపు, ఊదా, నీలం వరసగా దిద్దుతారు. ఇది కల్పన కాదు. బుల్లెట్ బండి సైలెన్సర్ మొదట్లో చూడండి. వేడికి స్టీలు మీద పల్చటి ఆక్సైడ్ పొర కడుతుంది. దాని మందాన్ని బట్టి వెలుగు రంగులు మారుస్తుంది.

*

రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ ఎండల్లో ఎయిర్‌బ్రష్ పట్టడం కష్టం. అక్రిలిక్ రంగు సూది మొన దగ్గరే ఎండిపోతుంది. పైకి వెళ్ళిన తుంపర కూడా నౌకను తాకేలోపే పొడై గరుకుగా అంటుకుంటుంది. తెల్లవారుజామున పని పెట్టుకుని, ఆరుదలను నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపాలి. వానాకాలంలో తిప్పలు వేరు. లాకర్ రంగులు తేమకు పాలిపోయి తెల్లగా మసకబారతాయి.

*

చిన్నదాన్ని పెద్దగా భ్రమింపజేయడంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. 1957లో 'మాయాబజార్' కోసం వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల చోటులో ద్వారకను కట్టారు. 300 ఇళ్ళు, వాటికి విద్యుద్దీపాలు. కళా దర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్లే. వీధులతో సహా ఒక్కో ఇంటికి దక్కింది 10 చదరపు అడుగులు.

ఇరవై ఏళ్ళకు 'స్టార్ వార్స్' (1977) వచ్చింది. నౌకల మీద కనిపించే ఆ గొట్టాలు, పెట్టెలు ట్యాంకులు, విమానాలు, ఓడల కిట్ల నుంచి పీకి అతికించినవే. తొలి దృశ్యంలో బ్రహ్మాండమైన స్టార్ డిస్ట్రాయర్ చిన్న నౌకను తరుముతుంది. నమూనాలను పక్కపక్కన పెడితే కథ తిరగబడుతుంది. తరిమేది మూడడుగులు, పారిపోయేది ఆరడుగులు. ఎక్స్-వింగ్ దళం మొదట నీలి దళం. వెనక నీలి తెర పెట్టి తీయాలి గనుక నీలి చారలు తెరలో కలిసి మాయమవుతాయని ఎర్ర దళంగా మార్చారు. అంతకు ముందు 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో డిస్కవరీ నౌక 54 అడుగుల నమూనా. ఒక్క మరక లేని తెలుపు. అంత పెద్దది కట్టగలిగితే మురికితో పనిలేదేమో!

*

'స్టార్ ట్రెక్' నౌక ఎంటర్‌ప్రైజ్ 11 అడుగుల నమూనాను 1964లో కట్టారు. పూర్తిగా అలంకరించింది కుడి వైపు ఒక్కటే. లోపల దీపాలు పెట్టాక ఎడమ వైపు నుంచి వైర్లు వేలాడేవి. నౌక అటు తిరగాల్సిన చోట అంకెలను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి అతికించి, తీశాక ఫిల్మును తిరగేసేవారు. 1967లో ఒక కథకు శత్రువు చేతిలో చితికిన నౌక కావాల్సివచ్చింది. బజారులో అమ్మే ఏఎంటీ కిట్ తెచ్చి, కాల్చి పాడుచేశారు. కిట్‌తో వచ్చిన 1701 అంకెలనే అటూ ఇటూ మార్చి 1017 అని పెట్టారు.

పెద్ద నమూనా 1974లో స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. 1991లో మరమ్మతు చేసినవాళ్ళు దాని ఒంటి మీద పలకల గీతలు, నీడలు దట్టంగా దిద్దారు. అభిమానులు ఒప్పుకోలేదు. తర్వాత మళ్ళీ చేసిన మరమ్మతులో ఆ మురికినంతా తొలగించి, మొదటి రంగు వేసి, 2016లో ప్రదర్శనకు పెట్టారు. మొదటి రంగు ఏదో ఎలా తెలిసింది? పళ్ళెం లాంటి పైభాగాన్ని 1991లో ఎవరూ ముట్టుకోలేదు. 1960ల నాటి పూత దాని మీద అలాగే మిగిలి ఉంది.