మూలధ్వని, డబ్బింగ్: ‘కిమెత్సు నో యాయిబా’ సంభాషణల పరిశీలన

1. ప్రవేశిక:

కొయొహారు గొతోగే రచించిన ‘కిమెత్సు నో యాయిబా’ (2016–2020) అనే జపనీస్ బొమ్మల కథను యుఫోటేబుల్ సంస్థ 2019లో యానిమే ధారావాహికగా రూపొందించింది. రాక్షసుడి దాడిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న తంజిరో, రాక్షసిగా మారిన చెల్లెలు నెజుకోను తిరిగి మనిషిని చేయడానికి సాగించే పోరాటమే ఇందులోని ఇతివృత్తం. ‘డీమన్ స్లేయర్’ పేరుతో ప్రసిద్ధమైన ఈ కథాక్రమంలోని ‘ఇన్ఫినిటీ కాసిల్’ చిత్రం 2025లో భారతదేశంలో తెలుగు డబ్బింగ్‌తో కూడా విడుదలైంది. మూలధ్వనిలో చూడాలా, డబ్బింగ్‌లో చూడాలా అన్న ప్రశ్నను భాషాపరంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంబోధనలు:

జపనీస్‌లో పేరుకు చేరే ప్రత్యయం గౌరవాన్నో, చనువునో తెలుపుతుంది. తంజిరో గురువును ‘ఉరోకొదాకి-సాన్’ అంటాడు. జెనిత్సుకు నెజుకో ‘నెజుకో-చాన్’. ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే కావడంతో ఈ భేదం మరుగున పడుతుంది. తెలుగులో ‘గారు’, ‘మీరు’, ‘నువ్వు’ దానిని సహజంగా నిలపగలవు.

అయితే ఇనోసుకే తనను తాను ‘ఒరె-సామ’ అని చెప్పుకుంటాడు. ‘సామ’ ఇతరుల పట్ల అధిక గౌరవాన్ని సూచించే ప్రత్యయం. దానిని తనకే తగిలించుకోవడంలో అతని అహంకారం, హాస్యం రెండూ ఉన్నాయి. తెలుగు ‘నేను’ ఆ భారాన్ని మోయలేదు. ‘ఈ ఇనోసుకే’ అనిపిస్తే కొంతవరకు సాధ్యం.

3. వాక్యనిర్మాణం:

జపనీస్, తెలుగు రెండింటిలోనూ క్రియ, వ్యతిరేకార్థం వాక్యాంతంలోనే వస్తాయి. చివరి మాట వరకు నటుడు నిలిపే ఉత్కంఠ తెలుగులోనూ నిలుస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో మాత్రం ప్రేక్షకుడు ఆ రహస్యాన్ని ముందే చదివేస్తాడు.

4. మాటలకు అందనిది:

నోటికి వెదురుముక్క కట్టిన నెజుకో ఎక్కువగా మూలుగులతోనే భావాన్ని తెలుపుతుంది. అక్కడ అనువదించడానికి పదాలు లేవు. అయినా గొంతు మారితే పాత్ర మారుతుంది. మూలధ్వనికి ప్రత్యామ్నాయం లేని చోటు ఇదే.

5. ముగింపు:

తెలుగు డబ్బింగ్‌కు వ్యాకరణపరంగా ఇంగ్లీషుకు లేని అనుకూలత ఉంది. సంభాషణలను ఇంగ్లీషు ప్రతి నుంచి అనువదిస్తే అది చేజారుతుంది. ‘యు’ను చూసి ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకదానిని ఊహించాల్సి వస్తుంది. కాబట్టి మూలమా, డబ్బింగా అన్నదానికంటే డబ్బింగ్ ఏ భాష నుంచి జరిగిందన్నదే కీలకం. అనువాద అధ్యయనాల్లో డబ్బింగ్ సంభాషణలకూ చోటు దక్కాలి.